జెండా కట్టె నీడ పోయిన రోజు

ఈ ఉదయం స్కూలు గేటు దాటగానే తడి సున్నం వాసన ముక్కుకు తగిలింది. రేపటి ఆటల పోటీల కోసం మా అటెండరు మైదానంలో గీతలు గీస్తున్నాడు. ఎనిమిదో తరగతి హాజరు తీసుకోవాల్సినదాన్ని, రిజిస్టరు చంకలో పెట్టుకుని అక్కడే నిలబడిపోయాను. అతను కబడ్డీ కోర్టును తూర్పు పడమరలుగా సాగదీసి గీస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది. "సాయంత్రం కూతకు వెళ్లే పిల్ల కళ్లలో ఎండ కొట్టదటయ్యా? చెరిపెయ్, ఉత్తర దక్షిణాలకు గియ్యి" అని గట్టిగా అరిచాను. సైన్సు టీచరుకు కబడ్డీ గొడవ ఎందుకన్నట్టు అతను నోరు తెరుచుకుని చూశాడు. నాకే ఆశ్చర్యం వేసింది, ఎందుకంటే ఆ గొంతు నాది కాదు. అది మా బసవరాజ సార్ గొంతు. ఆయన పోయి మూడేళ్లయింది.

కర్ణాటకలో, రాయచూరు దగ్గరి యరగేరకు నడిచి వెళ్లేంత దూరంలో మా ఊరు. ఊళ్లో ఏడో తరగతి దాకా బడి ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజారులో రెంటితోబాటు కాస్త ఉర్దూ. మాకు అదేమీ విడ్డూరంగా అనిపించేది కాదు. బసవరాజ సార్ ఆ బడికి పీటీ మాస్టరు. గబ్బూరు ఆయన సొంతూరు. పొట్టిగా, కాస్త బొజ్జతో ఉండేవారు. కాన్వాసు బూట్లకు రంగు కొనకుండా మైదానం సున్నమే పూసుకునేవారు, నడిస్తే వెనకాల తెల్లటి అడుగులు పడేవి. ఇంటి భాష కన్నడమైనా మాతో తెలుగే మాట్లాడేవారు. కోపం వచ్చినప్పుడూ, సంతోషం పట్టలేనప్పుడూ మాత్రం కన్నడంలోకి దూకేవారు. కోపం చాలా తరచుగా వచ్చేది. వంకర గీత కనిపిస్తే చాలు, ఎవరో ఆయన్ను తిట్టినట్టు మొహం పెట్టేవారు.

నేను ఆరో తరగతిలో ఉండగా మా సైన్సు టీచరు బదిలీ అయి వెళ్లింది. ఆ ఖాళీలోకి ఎవరూ రాలేదు. హెడ్‌మేడమ్ పుస్తకం తీసుకెళ్లి పీటీ సార్ చేతిలో పెట్టింది. భూమి, సూర్యుడు, చంద్రుడు అనే పాఠం అది. ఆయన తరగతిలోకి వచ్చి, మొదటి పేజీ పైకి చదివారు. భ్రమణం, పరిభ్రమణం, అక్షం, కక్ష్య. కన్నడంలోనూ దాదాపు అవే మాటలు, ఏ భాషలో విన్నా మాకు సమానంగా అర్థం కాలేదు. సార్ ఇంకో రెండు పంక్తులు చదివి, పుస్తకం మూసి, కిటికీలోంచి మైదానం వైపు చూశారు. "నాక్కూడా ఏం సమజ్ కాలే. లేవుండ్రి, బయటికి పోదాం" అన్నారు. ఉపాధ్యాయుడు తనకు తెలియదని చెప్పడం నేను వినడం అదే మొదటిసారి.

మైదానం మధ్యలో మా తరగతి ఈరమ్మను నిలబెట్టి సూర్యుడివి నువ్వు, కదిలితే చూడు అన్నారు. ఆమె చుట్టూ తాడు పట్టి పెద్ద గుండ్రటి సున్నం గీత గీశారు. అది కక్ష్య. నేను భూమిని. నన్ను ఆ గీత మీద నిలబెట్టి, "నీ చుట్టూ నువ్వు తిరుగుతుంటే భ్రమణం. గీత మీద నడుచుకుంట ఈరమ్మ చుట్టూ తిరిగొస్తే పరిభ్రమణం. నువ్వు రెండూ ఒక్కతూరే చెయ్యాలె. ఊఁ, షురూ!" అని విజిల్ వేశారు. బొంగరంలా తిరుగుతూ సగం కక్ష్య పూర్తి చేశాను. ఆ తర్వాత ఆకాశం కిందికీ నేల పైకీ వచ్చాయి. పొద్దున తిన్న జొన్నరొట్టె బయటికి వచ్చేసింది. పిల్లలంతా పడీ పడీ నవ్వుతుంటే ఈరమ్మ మాత్రం నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "సూర్యుడా, నీ జాగా ఇడిసిపెట్టి ఏడికి పోతున్నవ్?" అని సార్ కేక పెట్టారు. నాకు మంచినీళ్లు మాత్రం ఆయనే తెచ్చిచ్చారు. ఆ రెండు మాటల తేడా నేను ఈ జన్మలో మరిచిపోతే ఒట్టు.

మరునాడు మా తరగతి హుసేని చంద్రుడయ్యాడు. భూమినైన నా మొహం వైపే చూస్తూ నా చుట్టూ నడవాలి, ఎందుకంటే చంద్రుడు ఎప్పుడూ మనకు ఒక వైపే చూపిస్తాడు. "అంటే చంద్రుడు తన చుట్టూ తాను తిరగడన్నట్టు" అని సార్ తేల్చేశారు. నడక ముగించిన హుసేని తల గోక్కున్నాడు. "లేదు సార్. నేను తాయమ్మ మొకమే చూసుకుంట నడిసిన. కాని ఆమె ఎనకాల నాకు ముందు బడి కనబడ్డది, తర్వాత రోడ్డు, తర్వాత చేను, తర్వాత మసీదు. నేను తిరగకపోతే నాలుగు దిక్కులు ఎట్ల కనబడ్డయ్?" అన్నాడు. సార్ తనే వచ్చి నా చుట్టూ, నన్నే చూస్తూ, బొజ్జ ఊపుకుంటూ ఒక చుట్టు నడిచారు. ఆగి, "నేను తప్పు చెప్పిన. వాడు చెప్పిందే సహీ" అని అందరికీ వినబడేలా అన్నారు. చంద్రుడు ఒక చుట్టు వచ్చేసరికి తన చుట్టూ కూడా సరిగ్గా ఒక్కసారే తిరుగుతాడన్న సంగతి మా తరగతికి ఆ విధంగా తెలిసింది. హుసేని వారం రోజులు తల ఎగరేసుకుని తిరిగాడు.

ఆయనకు ఖాయంగా తెలిసిన ఖగోళ విద్య ఒక్కటే, కోర్టు గీయడం. ఉత్తరం ఎటో కనుక్కోవడానికి ఒక పుల్ల నాటి, దాని చుట్టూ గుండ్రంగా గీత గీసేవారు. పొద్దున పుల్ల నీడ కొస ఆ గీతను తాకిన చోట ఒక చుక్క. నీడ పొట్టిదై, మళ్లీ పెరిగి, మధ్యాహ్నం తర్వాత గీతను తాకిన చోట ఇంకో చుక్క. రెండు చుక్కలనూ కలిపితే తూర్పు పడమరలు, దానికి అడ్డంగా గీస్తే ఉత్తర దక్షిణాలు. ఈ పని చూస్తున్నప్పుడే నాకు జెండా కట్టె నీడ మీద కన్నుపడింది. రోజులో నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్నప్పుడు దాని కొస దగ్గర సున్నం చుక్క పెట్టమన్నారు సార్. వారానికో చుక్క. అది గడియారం పన్నెండు కొట్టినప్పుడు కాదు, ఇంకాస్త దాటాక. దేశమంతటికీ ఒకే గడియారం, సూర్యుడు మాత్రం ఒక్కో ఊరి నడినెత్తికి ఒక్కో వేళకు వస్తాడు. మాఘం పోయి ఎండలు ముదిరేకొద్దీ చుక్కలు కట్టె వైపు జరుగుతూ వచ్చాయి. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "సార్, గిట్ల జరుక్కుంట జరుక్కుంట ఒకనాడు నీడే లేకుండ పోతదా?"

సార్ విజిల్‌ను కాసేపు నోట్లో పెట్టుకుని, ఊదకుండా తీశారు. "గొత్తిల్ల. నోడోణ" అన్నారు. తెలియదు, చూద్దాం అని. ఆ శనివారం బస్సెక్కి రాయచూరు వెళ్లి, ఏదో కాలేజీలో భూగోళం చెప్పే లెక్చరర్ను పట్టుకుని అడిగి వచ్చారట. సోమవారం ప్రార్థన ముగియకముందే చెప్పేశారు. "పోతది! ఏడాదికి రెండు దినాలు పోతది. భూమధ్యరేఖ నుంచి మనం ఎంత పైన ఉన్నమో చెప్పేదే అక్షాంశం. మనది దగ్గర దగ్గర పదహారు డిగ్రీలు. సూర్యుడు గంత పైకి వచ్చిన దినం బరాబర్ మన నెత్తి మీద ఉంటడు. ఆ జాగాకు శిరోబిందువని పేరు. మే మొదటి వారంల ఒకపారి, ఆగస్టు మొదటి వారం దాటినంక ఇంకొకపారి." అంతటితో ఊరుకుంటే ఆయన బసవరాజ సార్ ఎందుకవుతారు? ఊరంతా తిరిగి, హోటల్లో, పంచాయతీ కట్ట మీద, ఫలానా రోజు మధ్యాహ్నం బడి కాడికి రండి, జెండా కట్టెకు నీడ ఉండదు అని చాటింపు వేసినంత పనిచేశారు.

ఇక్కడ మా నాయన గురించి చెప్పాలి. పేరు నర్సప్ప, గౌండి పని. బెంగళూరులో పెద్ద పెద్ద కట్టడాల దగ్గర గోడలు లేపేవాడు. అమ్మా తమ్ముడూ ఆయనతోనే అక్కడ, నేను ఊళ్లో అవ్వ దగ్గర. వేసవిలో పెళ్లిళ్లకని ఊరికి వచ్చి, తిరిగి వెళ్లేటప్పుడు నన్నూ వెంట తీసుకుపోతానన్నాడు. అమ్మకు వంటలో, తమ్ముణ్ణి చూసుకోవడంలో ఆసరా అవుతానని. ఆరు చదివింది చాలు అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, మా వాడలో ఆడపిల్లలు చాలామంది ఆరుతోనో ఏడుతోనో ఆగినవాళ్లే. నేను ఏడ్చాను, అన్నం మానేశాను, లాభం లేకపోయింది. సార్ ఇంటికొచ్చి అడిగితే, "మీరు కబడ్డీ నేర్పిస్తరు, నీడలు కొలిపిస్తరు. దీంతోని బువ్వ దొరుకుతదా సార్?" అన్నాడు నాయన. సార్ తల దించుకుని వెళ్లిపోయారు. ఆ నీడ నిజంగా పోతే నాయన మనసు మారుతుందని నాకెందుకో గట్టి నమ్మకం. అందుకే ఆయన్ను చెయ్యి పట్టి లాక్కుని మరీ బడికి తీసుకెళ్లాను.

ఆ రోజు రానే వచ్చింది. సెలవులైనా పిల్లలమంతా చేరాం. ఎండ నెత్తి మాడుస్తోంది. తువ్వాళ్లు నెత్తిన వేసుకుని ముప్పై మంది దాకా పెద్దవాళ్లు వచ్చారు. పన్నెండుంపావు దాటింది. నీడ తగ్గింది, తగ్గింది, కట్టె మొదట్లోని సిమెంటు గద్దె మీద జానెడు దగ్గర ఆగిపోయింది. ఉత్తరం వైపు, నల్లగా, నిక్షేపంగా ఉంది. ఇంక తగ్గలేదు. మెల్లగా తూర్పుకు తిరగడం మొదలుపెట్టింది. సార్ గబగబా దాని కొస దగ్గర చుక్క పెట్టారు గానీ, అప్పటికే నవ్వులు లేచాయి. అందరికంటే గట్టిగా నవ్వింది మా నాయనే. "సార్, మీరు విజిల్ కొట్టలేదు, అందుకే పోలే!" అన్నాడు. జనం ఇళ్లకు మళ్లారు. సార్ ఆ ఎండలో బొమ్మలా నిలబడిపోయారు. నా చదువు ఆ జానెడు నీడలో కొట్టుకుపోయిందని నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆయన మొహం చూడలేక కాళ్ల వైపు చూశాను. చూసి, ఏడుపు ఆపేశాను.

"సార్, మీకు నీడ లేదు!" అన్నాను.

నిజమే. బొజ్జ నీడ బూట్ల మీద పడుతోంది తప్ప ఏ పక్కకూ ఒరగలేదు. ఈరమ్మను చూశాం, నీళ్ల బిందెను చూశాం. నీడలన్నీ ఎవరి కింద వాళ్లకు నక్కి ఉన్నాయి. జెండా కట్టెకే నీడ ఉంది. సూర్యుడు అందరికీ ఒక్కడే అయినప్పుడు తప్పు ఎవరిది? నేను ఇంటికి పరిగెత్తాను. నాయన బువ్వ తిని నడుం వాల్చాడు. ఆయన సంచిలో ఇత్తడి గుండు ఉంటుంది, దారం కట్టి వేలాడదీసి గోడ నిట్టనిలువుగా ఉందో లేదో చూసేది. దాన్ని ఎవరు ముట్టుకున్నా ఆయనకు కోపం. తీసుకుని మళ్లీ పరిగెత్తాను. దాని పొడుగాటి దారం కొసను జెండా తాడుకు కట్టి కప్పీ దాకా పైకి లాగి, కట్టె కొస నుంచి కిందికి వేలాడేలా వదిలాం. గుండు ఊగి ఊగి నిలిచింది. కట్టె మొదట్లో కాదు, జానెడు అవతల, సార్ పెట్టిన సున్నం చుక్క మీద.

సార్ నన్ను చూశారు, నేను సార్‌ను చూశాను. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. సూర్యుడు నడినెత్తికి రానే వచ్చాడు, ఒరిగిపోయింది కట్టె. ఏళ్ల తరబడి ఒకే వైపు నుంచి తాడు లాగీ లాగీ ఒరిగినట్టుంది. "అయ్యో దేవరే!" అని సార్ గంతేశారు. అంతలోనే నాయన అరుచుకుంటూ వచ్చాడు. "ఏందే తాయమ్మా, నా గుండు ముట్టుకుంటవా?" అని చెయ్యి ఎత్తినవాడు, వేలాడుతున్న గుండును చూసి ఆగిపోయాడు. పైకి చూశాడు, కిందికి చూశాడు. గద్దె మీద చతికిలబడ్డాడు.

"గుండు ఏమంటున్నదో నువ్వే చెప్పు నర్సప్పా" అన్నారు సార్, చాలా మెల్లగా.

"గుండు అబద్ధం చెప్పది సార్" అన్నాడు నాయన. గద్దెను చేత్తో తట్టి, "ఈ గద్దె కట్టింది నేనే. ఈ కట్టె నిలబెట్టింది నేనే" అన్నాడు. ఆయన గొంతులో అంత సిగ్గు నేనెప్పుడూ వినలేదు. తాను నవ్వింది తన పనిని చూసేనని ఆయనకు తెలిసిపోయింది. ఆ సాయంత్రమే సిమెంటు తెచ్చి, గద్దె పగలగొట్టి, నాలుగు దిక్కుల నుంచీ గుండు పట్టి చూసుకుంటూ కట్టెను మళ్లీ నిలబెట్టాడు. రెండు రోజులు పట్టింది. పని అయ్యాక చేతులు కడుక్కుంటూ సార్‌తో అన్నాడు. "ఆగస్టు దాక పిల్ల ఈడనే వాళ్ల అవ్వ కాడ ఉంటది, బడికి వస్తది. ఆ దినం నేను వస్త. నీడ పోతే సదువు. పోకుంటే నా ఎంబడి బెంగళూరు. మళ్ల మీరు ఏం అడగొద్దు." సార్ చెయ్యి చాపారు. నాయన తడి చెయ్యి పంచెకు తుడుచుకుని కలిపాడు.

ఆ మూడు నెలలు నేను సరిగా నిద్రపోయానో లేదో గుర్తులేదు. సార్ మాత్రం నన్ను ఒక్క రోజూ భయపడనివ్వలేదు. దినామూ పాఠం, దినామూ ఆట. లెక్క తప్పదు, అడ్డం వచ్చేది మబ్బు ఒక్కటే అనేవారు. ఆగస్టు రాగానే ముసురు పట్టింది. అనుకున్న రోజుకు ముందు రెండు రోజులు సూర్యుడి మొహమే చూడలేదు. ఆ రోజు తెల్లవారుజామున నాయన బస్సు దిగి, ఇంటికి కూడా రాకుండా, ముందు బడికి వెళ్లి కట్టెకు గుండు పట్టుకుని చూశాడట. కదల్లేదని తేలాకే ఇంటికొచ్చి టీ అడిగాడు. పన్నెండింటికి కూడా ఆకాశం బూడిద రంగులోనే ఉంది. మేలో నవ్విన ముప్పై మందిలో పదిమంది కూడా రాలేదు. పన్నెండుంపావు. సార్ పెదవులు కదులుతున్నాయి. ఏ దేవుణ్ణి మొక్కారో నేను అడగలేదు. నేనైతే నాకు తెలిసిన దేవుళ్లనందరినీ మొక్కాను.

పన్నెండూ ఇరవైకి మబ్బు చిరిగింది. గద్దె మీద వెలుగు పడింది, దాంతోబాటే నీడ కూడా. సన్నగా, నాలుగు వేళ్ల పొడవున. మూడు వేళ్లయింది. రెండు. ఒక వేలు. పన్నెండున్నరకు ఇంకో మూడు నాలుగు నిమిషాలుందనగా, ఆ మిగిలిన నలుపును కట్టె తనలోకి పీల్చేసుకున్నట్టయింది. గద్దె అంతా వెలుగే. నాయన మోకాళ్ల మీద కూర్చుని, కట్టె మొదలు చుట్టూ అరచేత్తో తడిమాడు, రాలిపడ్డ సూది కోసం వెతుకుతున్నవాడిలా.

"ఏడికి పోయిందే?" అన్నాడు.

"ఏడికీ పోలే నాయనా. కట్టె కిందనే ఉంది."

అప్పుడు వినాలి సార్ విజిల్! ఫైనల్ మ్యాచ్ గెలిచినప్పుడు కూడా ఆయన అంతసేపు ఊదలేదు. పక్క చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్లు ఏమైందోనని పరిగెత్తుకొచ్చి, తమ తమ కాళ్ల చుట్టూ నీడలు వెతుక్కుని కేకలు పెట్టారు. హుసేని గద్దె చుట్టూ పరిభ్రమణం, భ్రమణం రెండూ ఒకేసారి చేశాడు. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. మేము గెలిచాం! ఆకాశంలో ఉన్నవాడు మేము చెప్పిన వేళకు, చెప్పిన చోటికి వచ్చి నిలబడ్డాడు. నాయన లేచి, దుమ్ము దులుపుకుని, సార్ ముందు నిలబడ్డాడు. "దీన్ని నేను తోల్కపోను సార్. ఎంత దాక సదువుతదో అంత దాక సదివియ్యుండ్రి" అన్నాడు. మరుసటి జూన్‌లో యరగేర హైస్కూలు ఫారం మీద తండ్రి సంతకం చోట ఆయన వేలిముద్ర వేస్తుంటే, ఇంకు మరకలు కాకుండా కాగితం పట్టుకున్నది బసవరాజ సారే. ఆ తర్వాత కాలేజీ, బీఎడ్, ఈ ఉద్యోగం, అన్నీ ఆ మధ్యాహ్నం నాకు ఇచ్చినవే.

నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో ఒక ఏప్రిల్ నెలాఖరున నాయన ఫోన్ చేశాడు. అప్పటికీ ఆయన బెంగళూరులోనే పనిచేస్తున్నాడు. "అమ్మా, ఇయ్యాల ఈడ నీడ పోయింది! ఇనుప కంబీకి గుండు పట్టి మరీ చూసిన. మన ఊర్ల ఇంక పోలే కదా?" అన్నాడు. లేదు, ఇంకా పది రోజులుందన్నాను. "నాకు తెలుసు. ప్రతి ఏడు చూస్తున్న. సూర్యుడు ముందు ఈడికి వస్తడు, తర్వాత మీ కాడికి నడుచుకుంట వస్తడు" అన్నాడు. ఒక్క అక్షరం రాని మనిషి, అక్షాంశాన్ని తన గుండుతో కనిపెట్టాడు. ఆ ఆదివారమే గబ్బూరు వెళ్లి సార్‌కు చెప్పాను. రిటైరై, మోకాళ్ల నొప్పులతో అరుగు మీద కూర్చుని ఉన్నారు. విని, కళ్లు తుడుచుకున్నారు. "నర్సప్ప నన్ను దాటి ముందుకు పోయిండు. ఆగస్టుల సూర్యుడు తిరిగి కిందికి దిగుతడు. అప్పుడు ముందు మన కాడికి, తర్వాత ఆయన కాడికి. ఆ తూరి నువ్వు ఫోన్ చెయ్యి" అన్నారు.

అప్పటి నుంచి ఒక్క ఏడూ తప్పలేదు. ఆగస్టు మొదటి వారం దాటి మబ్బు లేని మధ్యాహ్నం దొరికితే, పిల్లలందరినీ మైదానంలో నిలబెట్టి, ఎవరి నీడ వాళ్ల కాళ్ల కింద చేరాక నాయనకు ఫోన్ చేస్తాను. స్పీకర్ పెడతాను, పిల్లలంతా వినాలని. "నాయనా, ఇక్కడ అయిపోయింది, బయలుదేరిండు" అంటాను. "రానియ్, నేను చూసుకుంట" అంటాడు మా నాయన బెంగళూరు నుంచి. పిల్లలు చప్పట్లు కొడతారు. పది రోజుల తర్వాత, క్లాసులో ఉన్నా సరే, ఫోన్ మోగితే ఎత్తుతాను. చేరాడని చెప్పడానికి ఆయన చేసే ఫోన్ అది.